అయిదు పిన్నుల ఆటలో ఛాంపియన్ జీవితం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మన దగ్గర బౌలర్ అంటే క్రికెట్ బంతి విసిరేవాడే. అయితే కెనడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో మరో బౌలింగ్ ప్రస్తావన తరచుగా కనిపిస్తోంది. అది అయిదు పిన్నుల బౌలింగ్. దూరంగా నిలబెట్టిన పిన్నులనే కొయ్యలను బంతి దొర్లించి పడగొట్టడమే ఆట. కెనడాలో పుట్టి, దాదాపుగా కెనడాలోనే ఉండిపోయిన ఆట ఇది. ఉత్తరాలు రాసినవారు అడిగిన సంగతులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఆటకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. స్నేహితురాలి పుట్టినరోజు వేడుకకని వెళ్లి ఈ ఆట మీద మనసు పడింది. రెండేళ్లుగా శనివారం ఉదయం పిల్లల లీగులో ఆడుతోంది. పట్టుదలగా ఆడితే జాతీయ పోటీల దాకా వెళ్తుందని కోచ్ అంటున్నారు. మావారేమో "దీన్ని పట్టుకుని కూర్చుంటే రేపు అన్నం పెడుతుందా?" అంటున్నారు. ఈ ఆటలో ఛాంపియన్ అయినవాళ్ల జీవితం ఎలా ఉంటుందో చెప్పగలరా? – ఒక తల్లి, బ్రాంప్టన్, కెనడా

జవాబు: అమ్మా, ముందుగా మీవారు అడిగిన దానికే జవాబు చెబుతాను. ఈ ఆట అన్నం పెట్టదు. పది పిన్నుల బౌలింగ్‌కు అమెరికాలో వృత్తి ఆటగాళ్ల సర్క్యూట్ ఉంది. ఎర్ల్ ఆంథోనీ అనే ఎడమచేతి ఆటగాడు 1975లోనే ఒక్క సీజనులో లక్ష డాలర్లకు పైగా బహుమతి సొమ్ము గెలిచాడు. అయిదు పిన్నుల ఆటలో అటువంటి దారి లేదు. సొమ్ము ఇచ్చే టోర్నమెంట్లు ఉన్నాయి గానీ, ఆ సొమ్ముతో ఏడాది పొడవునా ఇల్లు గడవదు. జాతీయ విజేతలు సైతం పగలు ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, సాయంత్రాలు, శని ఆదివారాలు లేన్ దగ్గర, అంటే బంతి దొర్లించే బాట దగ్గర గడిపేవాళ్లే. కానీ మీ అమ్మాయి కర్ణాటక సంగీతమో కూచిపూడో నేర్చుకుంటూ ఉంటే మీవారు ఇదే ప్రశ్న వేసేవారా అన్నది ఒక్కసారి ఆలోచించమనండి. ఒక విద్యను ఏళ్ల తరబడి శ్రద్ధగా అభ్యసించి, అందులో దేశంలోనే ముందు వరుసలో నిలబడడం ఏ పిల్లకైనా చిన్న సంగతి కాదు.

ఇక దారి ఎలా ఉంటుందో చూద్దాం. లీగులు సాధారణంగా సెప్టెంబరులో మొదలై వసంతం దాకా నడుస్తాయి. పిల్లల ఆటను యూత్ బౌలింగ్ కెనడా చూసుకుంటుంది. వయసును బట్టి బాంటమ్, జూనియర్, సీనియర్ అని విభాగాలు ఉంటాయి. మొదట సొంత బౌలింగ్ సెంటర్‌లో, తరువాత జోన్ స్థాయిలో, ఆ పైన ప్రావిన్స్ (మన రాష్ట్రం వంటిది) స్థాయిలో నెగ్గుకొస్తే జాతీయ పోటీ వస్తుంది. పెద్దవాళ్ల ఆటకు కెనడియన్ ఫైవ్ పిన్ బౌలర్స్ అసోసియేషన్ ఉంది. దాని జాతీయ పోటీని అందరూ ఓపెన్ అనే పిలుస్తారు. అక్కడ ఆటగాళ్లు తమ ప్రావిన్స్ చొక్కా వేసుకుని, జట్టుగానూ ఒంటరిగానూ ఆడతారు. ఒంటారియో మాత్రం విశాలమైనది కాబట్టి ఉత్తర, దక్షిణ భాగాలుగా విడివిడిగా వస్తుంది. ఈ ఆటకు దేశం దాటిన పోటీ అంటూ లేదు కనుక, ఓపెన్‌లో గెలిచినవారే ఈ ఆటకు శిఖరం. మీ అమ్మాయి అక్కడికి చేరితే ఆపైన ఎక్కవలసిన మెట్టు ఉండదు.

పిల్లల పోటీల్లో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటి చెప్పాలి. చాలా పోటీల్లో గెలుపును నిర్ణయించేది ఎవరు ఎక్కువ పాయింట్లు కొట్టారన్నది కాదు, ఎవరు తమ సొంత సగటు కన్నా ఎక్కువ కొట్టారన్నది. 120 సగటు ఉన్న పిల్ల ఆ రోజు 150 కొడితే, 200 సగటు ఉండి 210 కొట్టిన పిల్ల కన్నా ముందు నిలుస్తుంది. పక్క పిల్లతో పోల్చుకోకుండా నిన్నటి తనతో తానే పోటీ పడే అలవాటు పదకొండేళ్లకే అబ్బితే, ఆ పిల్ల బౌలింగ్ మానేసిన తర్వాత కూడా అది వెంట ఉంటుంది. పెద్దయ్యాక ఓపెన్ వంటి పోటీల్లో ఈ వెసులుబాటు ఉండదు. కొట్టిన పాయింట్లే లెక్క. అప్పటికి పునాది గట్టిపడి ఉంటుంది.

ఇంట్లో ఒక్క మాట ముందే అనుకోండి. ప్రయాణాలు, సెంటర్ రుసుములు, మంచి బూట్లు, చలికాలంలో తెల్లవారుజామున కారు మీది మంచు గీకి బయల్దేరడం, ఇవన్నీ మీ ఇద్దరి మీదే పడతాయి. ఛాంపియన్ల వెనుక ఇలా ఏళ్ల తరబడి తీసుకెళ్లి తీసుకొచ్చిన అమ్మానాన్నలో, భార్యో భర్తో ఉంటారు. బహుమతుల పట్టికలో వాళ్ల పేర్లు కనిపించవు.

ప్రశ్న: నేను మాల్‌లో స్నేహితులతో పది పిన్నుల ఆట ఆడుతుంటాను. పది పిన్నులను పడగొట్టడం కన్నా అయిదింటిని పడగొట్టడం తేలికే కదా! పైగా ఒక ఫ్రేమ్‌లో, అంటే ఒక వంతులో, మూడు బంతులు ఇస్తారని విన్నాను. ఇందులో ఛాంపియన్‌కు, మామూలు ఆటగాడికి తేడా ఎక్కడ వస్తుంది? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఆడి చూడనివారందరికీ కలిగే సందేహమే ఇది. మొదట వస్తువులను చూద్దాం. మీరు మాల్‌లో మూడు వేళ్లు దూర్చి ఎత్తే బంతి 7 కిలోల దాకా బరువుండవచ్చు. ఈ బంతికి వేళ్లు పట్టే రంధ్రాలే ఉండవు. సుమారు 5 అంగుళాల వ్యాసంతో ఓ మోస్తరు పంపరపనస కాయంత ఉంటుంది, బరువు కిలోన్నర. అరచేతిలో పట్టుకుని, చివరి అడుగులో మోకాలు వంచి జారుతూ, నేలకు దగ్గరగా వదలాలి. పిన్నులు మీరు చూసినవాటిలో ముప్పావు వంతు ఉంటాయి, వాటి నడుముకు మందపాటి రబ్బరు పట్టీ ఉంటుంది. లేన్ పొడవు మాత్రం అదే, బంతి వదిలే గీత నుంచి ముందు పిన్ను దాకా 60 అడుగులు. అంటే దూరం తగ్గలేదు, బంతి తగ్గింది.

పిన్నులు ముందు ఒకటి, దాని వెనుక అటూ ఇటూ రెండేసి చొప్పున, మన పిల్లలు గీసే ఎగిరే పక్షి ఆకారంలో నిలబడి ఉంటాయి. ముందున్న హెడ్‌పిన్‌కు 5 పాయింట్లు, దాని పక్కనున్న రెంటికి మూడేసి, మూలల్లో ఉన్న రెంటికి రెండేసి. మొత్తం 15. ఇక్కడే ఆట మెలిక ఉంది. బంతి హెడ్‌పిన్‌కు సరిగ్గా నడిమధ్యన తగిలితే కొత్తవాళ్లు సంతోషిస్తారు, ఆటగాడు తల పట్టుకుంటాడు. ఎందుకంటే అలా తగిలినప్పుడు సాధారణంగా ఆ ఒక్క పిన్నే వెనక్కి ఎగిరిపోతుంది. మిగిలిన నాలుగూ లేన్‌కు రెండు పక్కలా రెండేసిగా మిగిలి, ఒక్క బంతికి దాదాపుగా లొంగవు. స్ట్రైక్, అంటే మొదటి బంతికే అన్నీ పడడం, కావాలంటే బంతి హెడ్‌పిన్‌కు ఒకింత పక్కగా తగిలి, పిన్ను ఒక వైపు, బంతి మరో వైపు పని చేయాలి. 60 అడుగుల అవతల ఆ ఒకింత పక్కను పదే పదే పట్టుకోవడమే ఈ విద్య.

లెక్క చేసి చూపిస్తాను. స్ట్రైక్ పడితే 15తో పాటు తరువాతి రెండు బంతుల పాయింట్లు కలుస్తాయి. రెండో బంతికి అన్నీ పడితే స్పేర్, దానికి తరువాతి ఒక్క బంతి కలుస్తుంది. మూడో బంతికి గానీ పడకపోతే వట్టి 15. ఒకతను పది ఫ్రేముల్లోనూ మొదటి బంతికి హెడ్‌పిన్ ఒక్కటే కొట్టి, మిగిలిన రెండు బంతులతో అటు ఇటు ఊడ్చాడనుకోండి. ఒక్క పిన్ను కూడా మిగల్చలేదు, అయినా అతని స్కోరు 150. మరొకామె ప్రతి ఫ్రేమ్‌లో మొదటి బంతికి ఒక మూల పిన్ను తప్ప అన్నీ పడగొట్టి, రెండో బంతికి ఆ మూల పిన్నును తీసిందనుకోండి. ఆమెకూ ఒక్క స్ట్రైక్ పడలేదు, ఆమె స్కోరు 280. ఇద్దరూ పడగొట్టినవి అన్ని పిన్నులే, మధ్య తేడా 130 పాయింట్లు! ఒక స్ట్రైక్, ఒక స్పేర్ చొప్పున చివరిదాకా ఆడుతూ పోయినవారికి సరిగ్గా 300 వస్తుంది. మీ పది పిన్నుల ఆటలో 300 అంటే పరిపూర్ణమైన ఆట. ఇక్కడ పన్నెండు స్ట్రైకులతో వచ్చే పరిపూర్ణ స్కోరు 450. అడుగు గీత దాటిందా, ఆట చివర 15 పాయింట్లు కోత పడుతుంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: తేడా స్ట్రైకుల్లో వస్తుందని అందరూ అంటారు, నేను మాత్రం మూల పిన్నులో వస్తుందంటాను. మంచి రోజున స్ట్రైకులు ఎవరికైనా వరుసగా పడతాయి. లేన్ చివర మూలన ఒంటరిగా నిలబడ్డ ఆ 2 పాయింట్ల పిన్నును, అలసిన చేతితో, జట్టు మొత్తం వెనుక నిలబడి చూస్తుండగా, ప్రతిసారీ తీయగలిగిన మనిషే పోటీ చివరి రోజున మిగులుతాడు.

ఒకసారి ఒంటారియోలోని చిన్న ఊళ్లో సాయంత్రపు లీగు చూశాను. డెబ్బై ఏళ్లు ఉండవచ్చు, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకున్న ఒకావిడ ఆడుతున్నారు. మొదటి బంతి హెడ్‌పిన్‌ను ఎగరగొట్టి వెళ్లిపోయింది, నాలుగు పిన్నులు మిగిలాయి. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. తువ్వాలుకు చెయ్యి తుడుచుకుని, రెండో బంతితో కుడి పక్క జతను, మూడో బంతితో ఎడమ పక్క జతను తీసి, తన కుర్చీలోకి వచ్చి కూర్చున్నారు. తరువాతి ఫ్రేమ్‌కు లేచినప్పుడు నిలబడే చోటును అరచేతి వెడల్పు పక్కకు మార్చుకున్నారు. అంతే. ఈసారి బంతి వెళ్లిన చప్పుడే వేరుగా ఉంది, అయిదూ పడ్డాయి. వెనుక బల్ల దగ్గరున్న కుర్రవాళ్లు మొదటి బంతి తప్పిపోగానే చేతులు విదిలిస్తూ, పైకప్పు వంక చూస్తూ, రెండో బంతిని అదే కోపంతో విసిరి అదీ పోగొట్టుకుంటున్నారు. ఛాంపియన్ ఎవరో తెలుసుకోవడానికి ఆ సాయంత్రం నాకు స్కోరు పలక అక్కర్లేకపోయింది.

ప్రశ్న: ఈ ఆటను ఎవరు కనిపెట్టారు? ఇంత పాత ఆట అయివుండి కెనడా దాటి ఎందుకు బయటికి రాలేదు? – ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, ఈ ఆటకు తండ్రి టామీ రయన్ అని పిలిచే థామస్ రయన్. 1872లో గ్వెల్ఫ్‌లో పుట్టి టొరంటోలో స్థిరపడిన వ్యాపారి. 1905లో నగరం నడిబొడ్డున పది పిన్నుల బౌలింగ్ క్లబ్బు తెరిచాడు. మధ్యాహ్న భోజన విరామంలో వచ్చే వ్యాపారులు, కార్యాలయాల పెద్దలు 16 పౌండ్ల బంతిని ఎత్తలేక, చేతులు పట్టేస్తున్నాయని మొర పెట్టుకునేవారు. రయన్ అయిదు పిన్నులను చిత్రిక పట్టించి ముప్పావు వంతుకు తగ్గించాడు, చేతిలో ఇమిడే గట్టి రబ్బరు బంతిని తెచ్చాడు. 1909 ప్రాంతంలో ఆట తయారైంది. తేలికైన పిన్నులు మరీ దూరంగా ఎగిరిపడుతూ, చప్పుడు చేస్తూ ఉండడంతో రెండు మూడేళ్లకు వాటి నడుముకు రబ్బరు పట్టీ తొడిగాడు. దానితో చప్పుడు తగ్గింది, తగిలిన పిన్ను మరో పిన్నును తాకే గుణం పెరిగింది. ఈనాడు చూస్తున్నది ఆ పిన్నునే.

పాయింట్ల పద్ధతి మాత్రం అలాగే లేదు. తొలి రోజుల్లో పిన్నుల విలువ ఎడమ నుంచి కుడికి 4, 2, 1, 3, 5గా ఉండేది. ఎడమ మూల పిన్ను పడితే తప్ప మిగిలినవి లెక్కలోకి వచ్చేవి కావు. నాలుగు పిన్నులు పడగొట్టి సున్నా రాయించుకున్నవారి బాధ ఎలాంటిదో ఊహించుకోవచ్చు. 20వ శతాబ్దం మధ్య దాటాక ఆ షరతు పోయి, నేటి 2, 3, 5, 3, 2 వరుస స్థిరపడింది. కాబట్టి పాత తరం ఛాంపియన్ల స్కోర్లను నేటివాళ్ల స్కోర్లతో నేరుగా పోల్చడం న్యాయం కాదు. వాళ్లు వేరే నియమాల కింద, పిన్నులను కుర్రవాళ్లు చేత్తో నిలబెట్టే రోజుల్లో ఆడారు. ఇప్పుడు చాలా సెంటర్లలో పిన్నుల తలకు తాడు కట్టి యంత్రమే పైకి లాగి నిలబెడుతుంది.

బయటికి ఎందుకు రాలేదన్నదానికి నాకు తోచిన కారణాలు రెండు. రయన్ ఈ ఆట మీద పేటెంట్ తీసుకోలేదు. దీన్ని ఒక సరుకుగా ఊరూరా, దేశదేశాలకూ మోసుకెళ్లే యజమాని లేకపోయాడు. పొరుగున అమెరికాలోనేమో పది పిన్నుల ఆట అప్పటికే సంఘాలతో, నియమాలతో పాతుకుపోయి ఉంది. కెనడాలో మాత్రం ఇది ఊరి ఆటగా అల్లుకుపోయింది. బంతి తేలిక కావడం వల్ల ఆడవాళ్లు, పిల్లలు, వృద్ధులు అందరూ ఒకే లేన్ మీద ఆడగలిగారు. 2007లో కెనడా ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ సీబీసీ తమ దేశపు గొప్ప ఆవిష్కరణల మీద ప్రేక్షకుల ఓటింగ్ నిర్వహిస్తే, ఇన్సులిన్ మొదటి స్థానంలోనూ, అయిదు పిన్నుల బౌలింగ్ నాలుగో స్థానంలోనూ నిలిచాయి. రయన్ 1961లో మరణించాడు. తాను కనిపెట్టిన ఆట వల్ల ఆయనకు పెద్దగా ధనం చేరలేదు గానీ, దేశమంతా ఆడుతుండగా చూసి వెళ్లాడు.

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు లీగులో చేరి రెండేళ్లయింది, సగటు 185. ఈ వయసులో గట్టిగా ప్రయత్నిస్తే ప్రావిన్స్ జట్టుకు ఆడగలనా? – ఒక పాఠకుడు, కాల్గరీ

జవాబు: ఆడగలరు అని భరోసా ఇవ్వలేను, ఆలస్యమైపోయింది అని మాత్రం అనను. పరుగెత్తే ఆటల్లో 38 అంటే చివరి అంకం. ఇక్కడ బంతి తేలిక, ఆయుష్షు పొడుగు. అరిగేది భుజం కన్నా ముందు జారే కాలి మోకాలు, నడుము. వాటికి వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టండి.

లీగులో 225 నుంచి 250 సగటు ఉన్నవాళ్లను గట్టి ఆటగాళ్లుగా చూస్తారు. మీకూ వాళ్లకూ మధ్య ఉన్న ఆ 40 నుంచి 65 పాయింట్లు బలంతో వచ్చేవి కావు. ఒక నెలపాటు మీ మొదటి బంతికి ఏం పడిందో కాగితం మీద రాసుకోండి. హెడ్‌పిన్ ఒక్కటే పడ్డ ఫ్రేములు ఎన్ని, మూల పిన్ను మిగిలిన ఫ్రేములు ఎన్ని, అందులో స్పేర్ అయినవి ఎన్ని? మొదటి రకం ఎక్కువగా ఉంటే నిలబడే చోటు, బంతి వదిలే కోణం సరిచూసుకోవాలి. రెండో రకంలో స్పేర్లు జారిపోతుంటే, వారానికి ఒక గంట ఖాళీ లేన్ తీసుకుని, కుడి మూలకు, ఎడమ మూలకు తప్ప మరి దేనికీ వేయకండి. విసుగు పుట్టే సాధనే, అయినా మీ ఊరి ఛాంపియన్‌ను అడిగి చూడండి, వాళ్లూ ఇదే చెబుతారని నా నమ్మకం. మరో సంగతి, మీకన్నా బాగా ఆడేవాళ్లున్న లీగులోకి మారండి. ఆఫీసు లీగులో అందరికన్నా మిన్నగా ఉంటే హాయిగానే ఉంటుంది, ఆట మాత్రం అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పందొమ్మిదేళ్లు. పుట్టుకతోనే బుద్ధి వికాసం కొంత తక్కువ. ఆటలంటే ప్రాణం, కానీ ఎక్కడికి తీసుకెళ్లినా పక్కన కూర్చోబెడుతున్నారు. ఈ ఆట వాడికి కుదురుతుందా? – ఒక తండ్రి, మిస్సిసాగా

జవాబు: కుదురుతుంది. ఎన్నో ఆటల వాకిళ్ల దగ్గర నిలబడి వెనక్కి వచ్చి ఉంటారు కాబట్టి ముందుగా ఆ మాటే చెప్పాలనిపించింది. స్పెషల్ ఒలింపిక్స్ కెనడా ఆటల్లో అయిదు పిన్నుల బౌలింగ్ ఉంది, అందులో వారం వారం సాధనా, పోటీలూ ఉంటాయి. బంతి తేలిక, ఒకరి తర్వాత ఒకరు ఆడే పద్ధతి కనుక తొక్కిసలాట ఉండదు. ఒక్కో వంతుకు మూడు అవకాశాలు దొరుకుతాయి కనుక మొదటి బంతి పక్కకు పోయినా ఆట అయిపోదు. చేతి పట్టు సరిగ్గా లేనివారి కోసం బంతిని జారవిడిచే వాలు చట్రాలు ఉంటాయి. మొదటిసారి వెళ్లే ముందు సెంటర్‌కు ఫోన్ చేసి, ఆ చట్రం ఉందా, జనం, చప్పుడు తక్కువగా ఉండే వేళ ఏది అని కనుక్కోండి. అబ్బాయి బూట్ల కొలత కూడా ముందే చెప్పి ఉంచండి. లోపలికి వెళ్లగానే తన పేరు మీద తన జత సిద్ధంగా ఉంటే వాడికి ధైర్యంగా ఉంటుంది.